మా బావ అరికాలు

నేను కోతలు కోస్తానని అనకాపల్లిలో చాలామందికి తెలుసు. బెల్లం మార్కెట్‌లో ఒక కొట్టు గుమస్తాగా పనిచేసిన రోజుల్లో, కొట్టు దగ్గర ఒక బెల్లం దిమ్మ జారిపడితే, నేను టీ బడ్డీకి చేరేసరికి అది లారీ బోల్తాపడటంగా మారిపోయేది. నాలుగు చినుకులు రాలితే నా నోట్లో శారదా నది గట్లు తెంచుకునేది. దానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. మా అక్క మొగుడి కాలు సంగతి ఒక్కటి వేరు.

మా బావది బుచ్చయ్యపేట దగ్గర పల్లె. చెరకు పండించి, తనే గానుగాడించి, పొయ్యి మీద పెద్ద పెనంలో బెల్లం వండేవాడు. షుగరు వచ్చి చాలా ఏళ్లయింది. మాత్రలు గుర్తొచ్చినప్పుడు వేసుకునేవాడు. పరీక్షకు రమ్మన్న రోజున పెనం దించాలనేవాడు. పెనం లేని రోజున పరీక్ష గుర్తుండేది కాదు.

రెండు వేల మూడో నాలుగో సంవత్సరం, చలికాలం. కొట్టు పని మీద వెళ్లి, పెనం పక్కన బావతో మాట్లాడుతూ నిలబడ్డాను.

"బావా, ఏదో కమురు వాసనేత్తన్నాది."

"పాకం మాత్రం కాదు. నా పాకం నాకు తెల్దేటి?"

వెతికితే పొగ బావ కాలి కింద నుంచి వస్తోంది. పొయ్యిలోంచి ఎగిరిపడిన నిప్పుకణికను బొటనవేలి దగ్గర తొక్కి నిలబడ్డాడు. కాలెత్తి, దోమను తోలినట్టు దాన్ని దులిపేశాడు.

"నాకేటీ తెలీనేదురా," అన్నాడు.

ఆ మాటలో ఆశ్చర్యం ఉంది, దాని వెనక కొంచెం భయం కూడా ఉంది. రెండూ నాకు కనబడ్డాయి. నేను ఊళ్లోకి ఆశ్చర్యాన్ని మాత్రమే మోసుకొచ్చాను.

బఠాణీ గింజంత కణిక మధ్యాహ్నం టీకి నిమ్మకాయంత అయింది. సాయంత్రానికి కొబ్బరికాయంత. వారం తిరిగేసరికి మా బావ మండుతున్న పొయ్యిని ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి దాటాడు, అదీ నెత్తి మీద చెరకు మోపుతో. మార్కెట్‌లో మూటలు మోసే కలాసీల నుంచి ఎదురు కొట్టు షావుకారు దాకా అందరూ బావ ఎప్పుడొస్తాడని అడగడం మొదలుపెట్టారు.

బెల్లం బండితో వచ్చాడు. టీ బడ్డీ దగ్గర జనం చుట్టూ మూగారు.

"ఏటి మామా, నిప్పుల మీద నడిసేసేవంట?" అన్నాడొక కలాసీ.

"మా బామ్మర్ది అలాగ సెప్తన్నాడా?" అని నవ్వాడు బావ. అవుననలేదు, కాదనలేదు.

"మీ బామ్మర్ది సెప్పింది సగానికి సగం కొట్టేసి, మిగిల్నదాన్లో సగం నమ్మాల," అన్నాడు టీ బడ్డీ అతను. అందరూ నవ్వారు.

నాకు రోషం వచ్చింది. ఆ కలాసీ నోట్లో చుట్ట లాక్కుని, "బావా, కాలిలాగ పెట్టు," అన్నాను. బావ బెంచీ మీద కాలు చాపాడు. మండుతున్న చుట్టను మడమకు ఆనించి, గట్టిగా పది లెక్కపెట్టాను. బావ టీ తాగుతూనే ఉన్నాడు. గ్లాసు తొణకలేదు. జనం చప్పట్లు కొట్టారు. టీ బడ్డీ అతను ఓడిపోయానని ఒప్పుకుని, పంచదార దండిగా వేసి ఇంకో టీ ఇచ్చాడు.

బావ ముఖం వెలిగిపోయింది. షుగరు వచ్చిన దగ్గర్నుంచి అతనికి కనబడినవాళ్లంతా ఏది తినకూడదో చెప్పేవాళ్లే. అతని ఒంట్లో గొప్ప సంగతి ఒకటుందని మొదటిసారి నేనన్నాను.

పది రోజుల తర్వాత బావ కొట్టుకు వచ్చాడు. మడమ మీద పొక్కు చితికి పుండయింది. పసుపు, కొబ్బరినూనె రాసి గుడ్డ కట్టుకున్నాడు.

"ఓపాలి ఆసుపత్రికి పోదామేట్రా?"

"నిప్పుకి లొంగని కాలు పొక్కుకి లొంగుద్దా బావా? తెలిత్తే మార్కెట్‌లో మన పరువేం కావాల?"

నవ్వుతూనే అన్నాను. అతనూ నవ్వి, వచ్చిన బస్సులోనే వెనక్కి వెళ్లిపోయాడు. అప్పుడు చిటికెన వేలు పట్టుకుని తీసుకెళ్లినా వచ్చేవాడు. ప్రభుత్వాసుపత్రి పెద్ద దూరం కూడా కాదు.

తర్వాత అక్క కొట్టుకు ఫోన్ చేసింది. "కాలు నల్లబడిపోనాదిరా తమ్ముడూ. వాసనేత్తన్నాది." ఆ పూటే కారు మాట్లాడుకుని విశాఖపట్నం తీసుకెళ్లాం.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. గుడ్డ విప్పి చూసింది. నిప్పుకణిక తొక్కిన చోటు మానిపోయింది. పుండు మడమ దగ్గర మొదలై పైకి పాకింది. షుగరు ఎక్కువై కాళ్లలో నరాలు చచ్చిపోయాయనీ, నొప్పి తెలియకపోవడమే అసలు జబ్బనీ చెప్పింది. మోకాలి కింద దాకా తీసేయాలంది.

"ఎలా కాలింది?"

బావ నా వైపు చూడలేదు. "పొయ్యి కాడేనండి," అన్నాడు.

"చెప్పులు వేసుకోరా?"

మా అక్క ముందుకు వచ్చింది. "బెల్లం పెనం కాడికి సెప్పులతో ఎల్లకూడదండి. లచ్చింవోరు కదా. ఆయన ఏసుకుంటానంటే నేనే వద్దనీదాన్ని."

డాక్టరమ్మ ఆమెను బాగా కేకలేసింది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తప్పయిపోయిందన్నట్టు తలూపుతూ నిలబడింది. చినుకును నది చేసే నేను, గోడ మీద గుండె బొమ్మ ఉంటే, అందులో ఏ రక్తనాళం ఎటు పోతుందో శ్రద్ధగా చూశాను.

కాలు తీసేశారు. ఇంటికొచ్చాక బావ పెనం దగ్గర నిలబడలేక, కుర్చీలో కూర్చుని దూరం నుంచి పాకం వాసన చూసేవాడు. కొన్నాళ్లకు అదీ మానేశాడు. అక్క రోజూ పొద్దున్నే అతని రెండో కాలు ఒళ్లో పెట్టుకుని, వేళ్ల సందుల్లో వెతికేది. నెలనెలా పరీక్షకు బస్సెక్కించి తీసుకొచ్చేది. ఒక్క నెల తప్పలేదు. పలకరించడానికొచ్చిన ప్రతి ఆడమనిషికీ, "నేనేనమ్మా, సెప్పులొద్దని నేనే అన్నాను," అని చెప్పేది.

ఒకసారి ఎవరూ లేనప్పుడు బావను అడిగాను. "అక్కకి సెప్పలేదేం బావా?"

"కాలెలాగూ పోనాది. దానికి తమ్ముడు కూడా పోవాలేట్రా?" అన్నాడు.

ఆ మాట పట్టుకుని హాయిగా ఇన్నేళ్లు గడిపేశాను. బావ పోయి చాలా కాలమైంది. మొన్న అక్క మా ఇంటికి వచ్చినప్పుడు మా ఆవిడతో మళ్లీ అదే చెప్పుల మాట అంది. నేను పక్కగదిలో పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాను.

ఇది అచ్చుకు వెళ్లేలోపు బుచ్చయ్యపేట వెళ్లి అక్కకు నా నోటితో చెప్పాలి. ఇప్పటికి రెండుసార్లు ఆర్టీసీ కాంప్లెక్సు దాకా వెళ్లాను. బస్సు ఎదురుగానే ఉంది, సీట్లు కూడా ఖాళీగానే ఉన్నాయి. ఎక్కలేక ఇంటికి వచ్చేశాను.