ఫర్జానాను చెల్లెలి పక్కన కూర్చోబెట్టిన రోజు

కరోనాకు మూతపడ్డ బడులు 2021 సెప్టెంబరులో మళ్లీ తెరిచారు. నేనప్పుడు హైదరాబాద్ పాతబస్తీలో, మొఘల్‌పురాలో ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. ఐదు తరగతులకు ఇద్దరమే ఉండేవాళ్లం. ఏడాదిన్నర తరవాత వచ్చిన పిల్లలకు గంటసేపు కుదురుగా కూర్చోవడం కూడా అలవాటు తప్పింది. తల్లి కొంగు వదలక ఏడ్చే చిన్నవాళ్లే నయం, కాసేపటికి సర్దుకునేవారు. పెద్ద పిల్లలు ఏడవరు, ఏమీ అడగరు. నాకు వాళ్లను చూస్తేనే దిగులేసేది.

మొదటి వారంలోనే బేస్‌లైన్ టెస్ట్ పెట్టాం. ఏ తరగతి అన్నది పక్కనపెట్టి, పిల్లలు నిజంగా ఎంతవరకు చదవగలరో చూసే పరీక్ష అది. అక్షరం, పదం, వాక్యం, కథ. ఎక్కడ ఆగితే ఆ గ్రూపులో వేస్తాం. ఆ పరీక్ష నేను అందరి ముందే పెట్టేశాను, పని త్వరగా తెములుతుందని.

ఫర్జానా నాలుగో తరగతి. బడి మూతపడేనాటికి రెండో తరగతిలో చకచకా చదివేది. ఇప్పుడు అక్షరాల దగ్గరే ఆగిపోయింది. రెండో తరగతిలో ఉన్న ఆమె చెల్లెలు నాజియా మాత్రం వాక్యాలు గడగడా చదివేసింది. నా సంబరం చూడాలి! చదవడం వచ్చిన పిల్ల రాని పిల్లకు నేర్పడాన్ని మా ట్రైనింగుల్లో పియర్ లెర్నింగ్ అంటారు. సొంత చెల్లెలే నేర్పితే బెరుకుండదనుకున్నాను. పెద్ద ఘనకార్యం చేసినట్టు ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి, నాజియా చేతికి అక్షరాల కార్డులిచ్చాను.

"ఆపా, గట్ల కాదు," అని నాజియా నెమ్మదిగానే దిద్దింది. ఆపా అంటే వాళ్లిళ్లలో అక్క. వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఫర్జానా కార్డు కింద పెట్టేసింది. ఆ మధ్యాహ్నం అన్నం కూడా ముట్టలేదట, నేను గమనించలేదు. మర్నాడు నాజియా ఒక్కతే బడికి వచ్చింది.

నాలుగు రోజులు చూసి వాళ్లింటికి వెళ్లాను. ఒకే గది. తల్లి, ఫర్జానా లక్క గాజులకు రాళ్లు అతికిస్తున్నారు. లాక్‌డౌన్‌లో భర్త ఆటో ఆగిపోతే ఈ పని పట్టుకున్నామని తల్లి చెప్పింది. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను. పాఠాలు వచ్చే వేళకు ఫర్జానాయే దాన్ని చెల్లెలికిచ్చి, తాను రాళ్లు అతికిస్తూ, పాఠం రాసేదాకా నాజియాను లేవనిచ్చేది కాదట. నాజియాకు వచ్చిన చదువంతా అలా వచ్చిందే. సిగ్గుతో నాకు తల కొట్టేసినట్టయింది.

రేపటి నుంచి వేరే కూర్చోబెడతానని, బడి అయ్యాక నేనే చదివిస్తానని బతిమాలాను. ఫర్జానా గాజు మీంచి తల ఎత్తలేదు.

"నేను కూసోమంటెనే అది కూసునేది, టీచర్. ఇప్పుడు ఏం చెప్పినా, 'నీకేమొస్తది ఆపా' అంటది. ఇగ నేను రాను."

"మస్తు సమ్జాయించిన టీచర్, జిద్దు పట్టింది," అంది తల్లి. ఎంత నచ్చజెప్పినా వినకపోయేసరికి, ఇంట్లో ఉంటే ఇంత పనన్నా అవుతుందని ఊరుకున్నానంటూ కళ్లు తుడుచుకుంది.

ఆ చలికాలమంతా వారం వారం వెళ్లాను. ఫర్జానా చాయ్ తెచ్చి ఇచ్చేది, అడిగినదానికి మర్యాదగా జవాబు చెప్పేది. పుస్తకం మాత్రం ముట్టేది కాదు. పోనుపోను నేను వస్తున్నానని తెలిస్తే పక్కింటికి వెళ్లిపోవడం మొదలుపెట్టింది. ఇక నేనే మానుకున్నాను.

అప్పటి నుంచి ఏ పిల్లకైనా టెస్ట్ విడిగా పెడతాను, మిగతావాళ్లకు వినబడకుండా. పుస్తకం తెరిచే ముందు, బడి లేని రోజుల్లో ఇంట్లో ఏం చేశావని అడుగుతాను. అక్కచెల్లెళ్లను ఒకే కార్డు ముందు కూర్చోబెట్టను. కొత్తగా వచ్చే టీచర్లకూ ఇదే చెబుతుంటాను, వాళ్లు విసుక్కున్నా సరే.

ఆ విద్యాసంవత్సరం చివర డ్రాపవుట్ల జాబితా, అంటే బడి మానేసిన పిల్లల పేర్లు, పైకి పంపాల్సి వచ్చింది. ఒక్కో పేరు పక్కన కారణానికి ఒక గడి. పేదరికం, వలస, ఇంటి పని, ఇలాంటివాటిలో ఒకటి రాయాలి. ఫర్జానా పేరు దగ్గర చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. చివరికి 'ఇంటి పని' అని రాసి సంతకం పెట్టాను. ఆ పని చేసుకుంటూనే ఆ పిల్ల బడికి వచ్చింది. మాన్పించింది నేను.