దేముడమ్మ గొంతుతో ఊడ్చిన మిషను

అరసవల్లిలో నగరేశ్వరరావు గారింటి ముందు ఆటోలు నిలబెట్టుకునేవాళ్ళకి పొద్దున్న ఏడున్నర అయిందని తెలియడానికి గడియారం అక్కర్లేదు. "కాళ్ళెత్తండీ, ఊడుస్తన్నాను!" అని లోపల్నుంచి కేక వినబడితే చాలు. ఆ కేక దేముడమ్మది. మనిషి చూడబోతే పిడికెడంత ఉంటుంది. గొంతు మాత్రం, అబ్బో, నాగావళి అవతలి గట్టున పోయేవాణ్ణి పేరు పెట్టి పిలిచి నిలబెట్టగలదు. "దీనికి మైకెందుకురా, ఇదే మైకు" అని ఆవిడ మొగుడు సోములు గుడి దగ్గర కొబ్బరికాయలు అమ్ముకుంటూ అందరి ముందూ వెక్కిరిస్తాడు. వెక్కిరించినా అతనికి అది లోపల గర్వమే.

ఆ ఇంట్లో ఆవిడ ఇరవైనాలుగేళ్ళుగా పనిచేస్తోంది. నగరేశ్వరరావు గారిది గుడి రోడ్డులో ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టు. ఆయన భార్య కన్యాకుమారికి పన్నెండేళ్ళ కిందట నీటికాసులు వచ్చి రెండు కళ్ళూ పోయాయి. అప్పట్నుంచీ దేముడమ్మ చేతిలో చీపురు కంటే నోటికే పని ఎక్కువైంది. "గచ్చు తడిగా ఉన్నాది, ఆగు సావుకారమ్మా." "ఎడం పక్కని బకెట్టున్నాది, సూసుకో." చూడలేని మనిషిని పట్టుకుని చూసుకో అంటావేమిటే అని కన్యాకుమారి నవ్వేది. ఇవన్నీ ఒక ఎత్తు, రోజుకి ఇరవైసార్లు నడిచే ఇంకో మాట ఒక ఎత్తు. ఆవిడ కూర్చున్నచోట్నుంచే "దేముడమ్మా, ఎక్కడున్నావే?" అంటుంది. "ఇక్కడే ఉన్నానమ్మా!" అని ఈవిడ అరుస్తుంది. పనేమీ ఉండదు. మనిషి ఉందని తెలియాలి, అంతే.

ఏదో పనిమనిషి విశ్వాసం అనుకునేరు, అలాంటిదేమీ కాదు. తిత్లీ తుఫానుకి దేముడమ్మ ఇంటి రేకులు ఎగిరిపోతే మొగుడూ పెళ్ళాం వారం రోజులు షావుకారింట్లోనే తలదాచుకున్నారు. కరెంటు లేదు. కిటికీలన్నీ బిగించేసరికి పట్టపగలే ఇల్లు చీకటిగుయ్యారం. దేముడమ్మ గోడలు తడుముకుంటూ నడవలో నిలబడిపోతే కన్యాకుమారే వచ్చి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళింది. "చీకట్లో నాకు నువ్వెందుకే? నీకే నేను కావాల" అంది. ఆ చేతిని దేముడమ్మ మరిచిపోలేదు. తలుచుకున్నప్పుడల్లా కళ్ళు చెమరుస్తాయి.

దేముడమ్మకి ఒక్కటే చెడ్డ అలవాటు. చుట్ట. అదీ అడ్డపొగ, అంటే నిప్పున్న కొస నోట్లోపల పెట్టుకుని పీల్చడం. మా వైపు పాతకాలం ఆడవాళ్ళకి అదేం వింత కాదు. గాలికి ఆరదు, బూడిద మీద పడదు, రెండు చేతులూ నాట్లలో ఉన్నా పొగ దారిన పొగ నడుస్తుంది. పన్నెండో ఏట పొలంలో తల్లి దగ్గర నేర్చుకుంది. మానెయ్యమని చెప్పినవాళ్ళకల్లా ఒకటే జవాబు: "మాయమ్మ ఎనబై ఏళ్ళు కాల్సింది, ఏటయినాది?" ఇంక ఆవిడతో ఎవరు వాదిస్తారు?

కిందటేడు కార్తీకమాసంలో ఒకరోజు పొద్దున్న కన్యాకుమారి కాఫీ తాగుతూ తాగుతూ ఆగిపోయింది.

"ఒసే, నోట్లో ఏటైనా పెట్టుకుని మాటాడుతున్నావా?"

"నేదమ్మా. నోరు కాళీగానే ఉన్నాది."

"కాదు. వారం రోజుల్నుంచీ వింటున్నాను. నీ మాట పైన ఎక్కడో తగులుతున్నాది."

సోములుకి ఆ తేడా వినబడలేదు. దేముడమ్మకే తెలియలేదు. కన్యాకుమారి కోడలు అర్చన, విజయనగరం పిల్ల, బ్యాంకులో ఉద్యోగం, సెల్‌ఫోను లైటు వేసి నోట్లోకి చూసింది. అంగిట్లో తెల్లటి మచ్చ, దాని నడుమ చిన్న పుండు. వేడి చేసింది, మజ్జిగ తాగితే పోతుందంది దేముడమ్మ. కన్యాకుమారి వినలేదు. తిట్టింది, బతిమాలింది, నువ్వు డాక్టరుకి చూపించుకునేదాకా నేను అన్నం ముట్టనని మొండికేసింది. ఆ మొండితనానికి దడిసి విశాఖ వెళ్ళారు. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, కేన్సరే గానీ మొదట్లోనే పట్టుకున్నారని చెప్పింది. ఆర్నెల్లు ఆలస్యమైతే తన చేతిలో ఉండేది కాదట. ముందుగా ఎవరు గమనించారని అడిగింది.

"మా సావుకారమ్మ" అంది దేముడమ్మ. "ఆవిడికి కళ్ళు కనబడవు."

డాక్టరమ్మ ఆ మాట కూడా చీటీ మీద రాసుకుంది.

ప్రాణానికి భయం లేదన్నారు. అంగిట్లో కొంత తీసేసి ప్లేటు పెడతారు. మింగడం కుదురుతుంది. మాట మాత్రం మారిపోతుంది, ముక్కులోంచి వస్తుంది, మొదట్లో ఎవరికీ అర్థం కాకపోవచ్చు. తిరిగి వస్తూ బస్సులో దేముడమ్మ, "బతుకుతాను, సరే. మాట నేకపోతే ఆ తల్లికి నానెందుకు పనికొస్తాను?" అని సోముల్ని అడిగింది. అతను, పాపం, భుజం మీది తువ్వాలు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

ఇక్కడ షావుకారింట్లో, ఆవిడ ఆపరేషనుకి వెళ్తే ఇల్లు ఊడ్చేదెవరన్న మాట వచ్చింది. ఇంకో మనిషిని పెట్టడానికి కన్యాకుమారి ససేమిరా ఒప్పుకోలేదు. కొత్త మనిషి అడుగుల చప్పుడు తన చెవికి ఎప్పుడు అలవాటవుతుంది? అప్పుడు అర్చన ఒక మిషను తెప్పించింది. పళ్ళెమంత గుండ్రంగా ఉంటుంది, తనంతట తనే ఇల్లంతా తిరిగి ఊడుస్తుంది. దానికి నోరు కూడా ఉంది. ఆ నోరే కొంప ముంచింది. మంచం కిందనుంచి చక్కా వచ్చి, కీచుమనే ఇంగ్లీషు గొంతుతో ఏదో అని, కన్యాకుమారి పాదాన్ని గుద్దింది. ఆవిడ హడలిపోయి "ఎవరమ్మా నువ్వు? ఎవరు రానిచ్చారు?" అంది. అది మళ్ళీ అదే ఇంగ్లీషు ముక్క చెప్పి మళ్ళీ గుద్దింది.

అదొక్కటేనా? సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టి ఇంకా చేతులైనా జోడించకముందే గర్రుమని బయల్దేరింది. దీపాలు పెట్టాక చీపురు పడితే లక్ష్మి వెళ్ళిపోతుందని ఆ ఇంట్లో పుట్టి బుద్ధెరిగాక ఎవరూ ఊడవలేదు. "ముందు మీ మిషనుకి ఆచారం నేర్పండి!" అని కన్యాకుమారి లబోదిబోమంది. అర్చన ఫోను తీసి, దీపాల వేళ నుంచి తెల్లారేదాకా అది కదలకుండా, మెదలకుండా చేసింది. తర్వాత గొంతుల మీద పడింది. హిందీ ఆడగొంతు పెట్టింది. మగగొంతు పెట్టింది. ముద్దుముద్దుగా మాట్లాడే పిల్లగొంతు పెట్టింది. సౌండు తగ్గించి చూసింది, పెంచి చూసింది.

"ఏ గొంతు పెట్టినా ఇంట్లో పరాయివాళ్ళు తిరుగుతున్నట్టే ఉన్నాదే" అంది అత్తగారు.

సౌండు సెట్టింగుల్లో అట్టడుగున అర్చనకి ఒక వరస కనబడింది. సొంత గొంతు రికార్డు చేసుకోవచ్చట. అర్చన పరిగెత్తుకెళ్ళి గిన్నెలు తోముతున్న దేముడమ్మ చెయ్యి పట్టుకుంది. "పిన్నీ, నువ్వు రా!"

ఆపరేషనుకి ఇంకా నాలుగు రోజులే ఉంది. ఇద్దరూ కొట్టుగదిలో బియ్యం బస్తాల మధ్య కూర్చున్నారు. అక్కడైతే రోడ్డు మీది హారన్లు వినబడవు. ఒక్కో మాటకి అయిదే సెకన్లు.

"అయిదు సెకన్లా? నాకు ఊపిరి పీల్సుకోడానికే సాలదు."

"కొంచెం మెల్లిగా చెప్పు పిన్నీ, ఫోను పగిలిపోయేలా ఉంది."

"మెల్లిగా సెప్తే అది నా గొంతెలాగవుద్ది?"

అదీ నిజమే. బయల్దేరేటప్పటి మాట ఆవిడ పాత కేకే: "కాళ్ళెత్తండీ, ఊడుస్తన్నాను!" ఎక్కడైనా చిక్కుకుంటే: "ఇరుక్కుపోనాను, ఒకరొచ్చి లాగండర్రా!" బ్యాటరీ అయిపోయిందని చెప్పమంటే మాత్రం కుదరదంది. షావుకార్ల ఇంట్లో ఏదీ అయిపోయిందని అనకూడదు, ఆ సంగతి ఆవిడకి ఒకరు నేర్పాలా? "ఆకలేస్తన్నాది, తినొస్తాను" అని పెట్టింది. పని ముగించి తన మూలకి పోయేటప్పుడు 'వెళ్తున్నాను' అనాలని అర్చన చదివింది. దేముడమ్మ ముఖం చిన్నబోయింది.

"ఎల్తన్నానని ఎవులైనా అంటారేటమ్మా?" అని ఫోను దగ్గరికి వంగి, "ఎల్లొస్తానమ్మా" అంది.

అర్చన ఆ మాటే రికార్డు చేసింది. ఆఖరిది, మిషను ఎక్కడుందో తెలియనప్పుడు ఫోనులో నొక్కితే అది పలకాల్సిన మాట. దానికి దేముడమ్మ ఆలోచించనే లేదు. "ఇక్కడే ఉన్నానమ్మా."

ఆపరేషనయింది. ముక్కులో గొట్టం, నోరు విప్పకూడదు. పదో రోజున అర్చన ఫోను చేసి, "ఏమీ మాట్లాడకు పిన్నీ, ఊరికే విను" అని ఫోను నేల దగ్గర పెట్టింది. ముందు గర్రుమని చప్పుడు. తర్వాత తన గొంతే! ఎంత జోరుగా ఉందో! "కాళ్ళెత్తండీ!" అని అది అంటే, "ఎత్తానే తల్లీ, ఎత్తాను" అని కన్యాకుమారి అంటోంది. కాసేపటికి "ఎల్లొస్తానమ్మా" అంది. "మంచిది, వెళ్ళిరా. బేగి రా" అంది కన్యాకుమారి. త్వరగా రమ్మన్న ఆ 'బేగి' మిషనుతో అన్నది కాదని దేముడమ్మకి తెలుసు. వెల్లకిలా పడుకుని ఉంటే కన్నీళ్ళు చెవుల్లోకి కారిపోయాయి. తను ఇక్కడ మంచాన పడి ఉన్నా తన గొంతు రోజూ పనిలోకి వెళ్తోంది. అర్చన కడుపు చల్లగా ఉండాలని వెయ్యిసార్లు అనుకుంది.

రెండు నెలలకి ప్లేటు పెట్టి ఇంటికి పంపారు. చుట్ట ఆసుపత్రి మెట్ల దగ్గరే వదిలేసింది. మాట్లాడే కొద్దీ మాట తేరుకుంటుందని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. దేముడమ్మ మొదటి మాట సోములుతోనే అంది. అతను "ఆఁ?" అన్నాడు. మళ్ళీ అంది. మళ్ళీ "ఆఁ?" అన్నాడు. మూడోసారి అతను అర్థమైనట్టు తలూపాడు గానీ, అర్థం కాలేదని ఆవిడకి అర్థమైపోయింది. అంతే, నోరు మూసేసింది. అరసవల్లి వచ్చి నాలుగు రోజులైనా షావుకారింటి గుమ్మం తొక్కలేదు. అన్నీ చేతి సైగలే.

"నీకు బతుకిచ్చిన కొంపే అది. ఒకపాలి ఎల్లి మొకం సూపించి రాయే" అని సోములు కోప్పడ్డాడు. ముఖం చూపిస్తే ఆవిడకేం కనబడుతుంది? ఇన్నేళ్ళూ ఆవిడ చూసిన దేముడమ్మ అంటే ఆ గొంతే. అది మిషన్లో నిక్షేపంగా ఉంది. పాడైపోయినదాన్ని పట్టుకెళ్ళి ఆవిడ చెవిలో ఎందుకు పొయ్యడం? అనుకుంది గానీ, కాళ్ళు ఊరుకోలేదు. అయిదో రోజు ఏడున్నరకి పెరటి గుమ్మంలోంచి మెల్లిగా వచ్చి హాలు గడప దగ్గర నిలబడింది. మిషను మూలని కదలకుండా ఉంది. అర్చన లోపల బ్యాంకుకి తయారవుతోంది. కన్యాకుమారి కుర్చీలో కూర్చుని ఉంది. కాస్త చిక్కింది.

"దేముడమ్మా, ఎక్కడున్నావే?"

దేముడమ్మ మిషను వంక చూసింది. అర్చన నొక్కితే తప్ప అది పలకదు. నొక్కేవాళ్ళు అక్కడ లేరు.

"దేముడమ్మా, ఎక్కడున్నావే?"

మూడోసారి కూడా అడిగింది. ఇంక దేముడమ్మ వల్ల కాలేదు.

"ఇక్కడే ఉన్నానమ్మా."

ముక్కులోంచి గాలితో కలిసి, వంకర్లు పోతూ వచ్చింది ఆ మాట. తన చెవికే పరాయిగా తోచి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కన్యాకుమారి లేచి, కుర్చీ పట్టుకుని నిలబడింది.

"పెరటి గుమ్మంలో అడుగు పడినప్పుడే తెలుసే నాకు. పలుకుతావో, పలక్కుండా పారిపోతావో అని అడిగాను. అర్చనా! ఇలా రామ్మా. ఆ మిషను నోరు మూసెయ్యి."

దేముడమ్మ గాభరా పడిపోయి వద్దు వద్దంది. తన గొంతు బాగోలేదు, మిషన్లోది బాగుంది, అదే ఉంచండి అంది. ఆ మాట కన్యాకుమారికి ఒక పట్టాన అర్థం కాలేదు. అర్థమైనట్టు తలూపలేదు. మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పమంది. మూడోసారికి విడివిడిగా విని పట్టుకుంది.

"బాగోకపోతే పోయింది. ఆ మిషన్లో గొంతుకి జలుబైనా చెయ్యదే. దాన్ని విని నేనేం చేసుకోను? నీ జబ్బు నేను దేన్ని బట్టి పట్టుకున్నాను? నీ మాటని బట్టి. రేపది మళ్ళీ వస్తే మళ్ళీ నేను పట్టుకోవాలా, వద్దా? నువ్వు నోరు మూసుకుంటే అప్పుడు నేను నిజంగా గుడ్డిదాన్నే దేముడమ్మా."

దేముడమ్మ గడప దాటి వెళ్ళి ఆవిడ చేతులు రెండూ పట్టుకుంది. ఏడుపొచ్చింది. ఆ ఏడుపు కూడా ముక్కులోంచే వచ్చి వింతగా వినబడితే ఇద్దరూ ఏడుస్తూనే నవ్వారు. అర్చన కళ్ళు తుడుచుకుంటూ ఫోనులో సౌండు గీతని కిందకి, సున్నాదాకా లాగేసింది.

"ఇకనుంచి ఊడ్చేది అది, చెప్పేది నువ్వు. నడుం వంచావంటే చూడు మరి" అంది కన్యాకుమారి, మళ్ళీ కుర్చీలో కూర్చుంటూ.

మిషను నోరెత్తకుండా మూలనుంచి కదిలింది. దేముడమ్మ దాని వెనకాలే నడిచి, కొంగు నోటి మీదనుంచి తీసి, గుండెనిండా ఊపిరి పీల్చుకుంది.

"కాళ్ళెత్తండీ, ఊడుస్తన్నాను!"

ఆ కేక వీధిలోకి వెళ్ళలేదు. బయట ఆటోవాళ్ళెవరికీ వినబడలేదు. కన్యాకుమారి రెండు కాళ్ళూ పైకెత్తింది.