ఎగుమతి రకం తాళం

ఆఫీసులో అందరూ ఆమెను తాళాలక్క అంటారు. నిజానికి ఆమె దగ్గర ఒక్క తాళం చెవి కూడా ఉండదు. కంప్యూటర్లో దాచిన రాతను పరాయివాళ్ళు చదవలేకుండా గజిబిజి చేసే సాఫ్ట్‌వేర్ రాయడం ఆమె పని. పదకొండేళ్ళుగా అదే కుర్చీ, కిటికీ పక్కన అదే బల్ల, అదే ముక్కు మీది కోపం.

కోపం ఊరికే రాలేదు. తాను గట్టిగా కట్టినదాన్ని తన చేత్తోనే పాడుచేయడం కూడా ఆమె ఉద్యోగంలో భాగమే. దేశంలో అమ్మే రకానికి, రాతను విప్పే రహస్య సంఖ్య ఎంత పొడవైనా ఉండొచ్చు; పొడవు పెరిగేకొద్దీ తాళం గట్టిది. సరిహద్దు దాటే రకానికి మాత్రం దాన్ని మూడో వంతుకు కత్తిరించాలి. సర్కారు వారు ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను ఆయుధాల జాబితాలో పెట్టారు మరి! బయటివాళ్ళ గుట్టు కావాలనుకున్నప్పుడు విప్పి చదువుకోవాలని పెద్దల ముచ్చట. ఏటా ఆ కత్తిరింపు రోజున ఆమెను పలకరించే ధైర్యం మేనేజరుకు కూడా ఉండదు.

ఈసారి కొంటానన్నది ఆమె సొంత అక్క. సరిహద్దుకు అవతల, మొగుళ్ళు చంపుతారని పారిపోయి వచ్చిన ఆడవాళ్ళకు నీడ కల్పిస్తుంటుంది. ఇరవైముగ్గురిని వేరువేరు ఇళ్ళలో దాచింది. ఆ చిరునామాలన్నీ ఒక నోటుబుక్కులో, అక్క చేతిసంచిలో తిరుగుతున్నాయి. పోయిన నెల ఎవడో ఆ సంచి లాక్కోబోయాడు.

చెల్లెలు గట్టి రకం పంపడానికి అనుమతి కోసం దరఖాస్తు పెట్టింది. ఫారంలో 'పేలుడు శక్తి ఎంత?' అని ఒక గడి ఉంది. 'నా కోపమంత' అని రాసి, కొట్టేసి, 'లేదు' అని రాసింది. నాలుగు నెలలు కాళ్ళరిగేలా తిరిగితే వచ్చిన జవాబు ఒక్క ముక్క: తిరస్కరించడమైనది.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఒక శుక్రవారం, ఎగుమతి రకంతో ఒక ఉత్తుత్తి చిరునామా దాచి, ఆఫీసులో మూలన పడున్న నాలుగు పాత కంప్యూటర్లను దాని మీదికి వదిలింది. సోమవారం వచ్చి చూస్తే వీధి పేరు, ఇంటి నంబరుతో సహా తెర మీద ఉంది. ఆ కాగితం తీసుకెళ్ళి లైసెన్సుల అధికారి బల్ల మీద పెట్టింది.

"చూడండి సార్. రెండు రోజుల్లో విప్పేశాను. నాలుగు పాత డబ్బాలతో!"

ఆయన కళ్ళజోడు సర్దుకుని తీరిగ్గా చదివాడు. "అంటే నిబంధన సరిగ్గానే పనిచేస్తోందన్నమాట," అన్నాడు.

"మీరు విప్పగలిగినదాన్ని, నా దరఖాస్తులో రాసిన ఆ మొగుళ్ళూ విప్పగలరు సార్! ఆ ఆడవాళ్ళను పట్టుకుని నరికితే ఎవరిది బాధ్యత?"

"అది మా శాఖ కిందకి రాదమ్మా."

ఆ మనిషి నిమ్మకు నీరెత్తినట్టు ఇంకో ఫైలు తెరిచాడు. ఆమె తన కాగితం లాక్కుని బయటికి నడిచింది.

ఇంటికెళ్ళి అక్కకు ఫోను చేసింది. "అక్కా, మా సాఫ్ట్‌వేర్ కొనొద్దు."

"అదేంటే? నువ్వు రాసిందేగా?"

"నేను రాసింది వేరు, నీకు పంపనిచ్చేది వేరు. అందులో పెడితే వాళ్ళను వీధిలో నిలబెట్టినట్టే."

"మరి వీళ్ళ చిరునామాలు ఎక్కడ దాచనే?" అంది అక్క.

మర్నాడు చెల్లెలు దుకాణాలన్నీ తిరిగి, దొరికినవాటిలో అన్నిటికంటే మొండి ఇనప్పెట్టె కొంది. నోటుబుక్కు అందులో పడుంటే సంచిలో కంటే నయమని. అక్కకు పంపడానికి నలుగురు మనుషులు దాన్ని మోసుకొచ్చి కస్టమ్స్ కౌంటరు ముందు దించారు. గుమాస్తా తలుపు తీసి, ఖాళీగా ఉందని చూసి, టప్పున ముద్ర కొట్టాడు. పది నిమిషాలు కూడా పట్టలేదు.

"దీని తాళం చాలా గట్టిది. మీకేం అభ్యంతరం లేదా?" అని ఆమె అడిగింది.

ఆయన వింతగా చూశాడు. "గట్టిది కాకపోతే ఇనప్పెట్టె ఎందుకమ్మా?"

ఆమె ఒక తెల్లకాగితం ఆయన ముందుకు తోసి, పెన్ను మూత తీసి పట్టుకుంది.

"ఆ మాటే ఇక్కడ రాసి సంతకం పెట్టండి. లైసెన్సుల అధికారికి చూపించాలి."

గుమాస్తా నవ్వాడు. ఆమె పెన్ను అలాగే పట్టుకుని నిలబడింది.