హాల్లో గీసిన ఓడ

టేపు పెదనాన్న కొలిస్తే తప్ప ఏదీ నమ్మడు. అరవై ఎనిమిదేళ్ళలో ఆయన కొలవకుండా చేసుకున్నది ఒక్కటే, పెళ్ళి. "ఆ రోజు టేపు కొట్లో మర్చిపోయి వచ్చా" అంటాడు ఇప్పటికీ. "నేను మర్చిపోలేదు. కళ్ళతోనే కొలిచా. నాలుగంగుళాలు తక్కువే తేలారు" అంటుంది ఆయన భార్య, ఆ ఇంటి పెద్దకోడలు.

నలభై ఏళ్ళు పరదాలు కుట్టే కొట్టు నడిపాడాయన. కొట్టు మూసేసి ఐదేళ్ళయినా యాభై అడుగుల చుట్ట టేపు మాత్రం జేబు దిగలేదు. దాని బరువుకి చొక్కాలన్నీ ఎడమవైపు సాగిపోయి, ఆయన ఎప్పుడూ ఎటో ఒరిగి నడుస్తున్నట్టు ఉంటాడు. కన్నపిల్లలు కూడా నాన్నా అనడం మానేసి ఊరంతా పిలిచే పేరుతోనే పిలుస్తారు.

ఒకసారి స్నేహితుడికి ఒంట్లో బాగోలేదంటే ఆస్పత్రికి వెళ్ళాడు. "నీకేం భయం లేదురా" అంటూనే మంచం అవతలికి వంగి కిటికీ కొలుచుకుని వచ్చాడు. వారం తిరిగేసరికి ఆ గదికి నీలం పరదాలు వచ్చి కూర్చున్నాయి. అప్పటికి స్నేహితుడు కులాసాగా ఇంటికి చేరిపోయాడు. ఆ మంచం మీదికి కొత్తగా వచ్చిన మనిషి, తన కోసమే ఎవరో పంపించారనుకుని మూడు రోజులు మనసులోనే చుట్టాలందరినీ లెక్కపెట్టుకున్నాడట.

వస్తువులంటే సరే, ఆయన చప్పుళ్ళు కూడా కొలుస్తాడు. చప్పుడు చేసేదాని పక్కన టేపు కొస పెట్టి, దాని మీద కత్తెర బరువు పెడతాడు. ఆ చప్పుడు వినిపించడం మానేదాకా వెనక్కి వెనక్కి నడుస్తాడు. ఆగిన చోట అంకె చూసి నోటుబుక్కులో రాసుకుంటాడు.

"మా ఆవిడ పిలుపు ఇరవై రెండు అడుగులు. కోపమొస్తే నలభై. అందుకే కొట్టు నలభై రెండు అడుగుల దూరంలో పెట్టా" అనేవాడు వచ్చినవాళ్ళతో.

ఆ నోటుబుక్కు అట్ట ఊడిపోయి, పరదా తాడుతో కట్టి ఉంటుంది. ఎవరికీ చూపించడు. ఇంటి వెనక వాటాలో ఉండే చిన్నకోడలికి, అంటే పెదనాన్న చనిపోయిన తమ్ముడి భార్యకి, ఆ తాడు ముడి చూసినప్పుడల్లా అందులో ఏముందో అనిపించేది. ఎప్పుడూ అడగలేదు. ఆమె దేనికీ నోరు తెరిచి అడిగే మనిషి కాదు. అందులోనూ భర్త పోయిన ఈ ఏడాదిగా "ఊ", "సరేనండీ", ఈ రెండు మాటలతోనే రోజులు దొర్లించేస్తోంది.

నెల క్రితం పెదనాన్న ఆమె వాటాకి ఏదో పని మీద వచ్చాడు. చలి చంపేస్తోంది. ఆమె శాలువా కప్పుకుని ఉంది. మంచం పక్కన పాత టేబుల్ ఫ్యాను మాత్రం గోడవైపు తిరిగి గర్రుగర్రుమని తిరుగుతోంది.

"నూనె లేక అలా అరుస్తోందమ్మా. రెండు చుక్కలు వేస్తే నోరు మూసుకుంటుంది."

"వద్దు బావగారూ. అలాగే ఉండనివ్వండి."

ఆయన ఫ్యానుని చూశాడు, శాలువాని చూశాడు. ఫ్యాను దగ్గర కత్తెర పెట్టి, టేపు విప్పుకుంటూ వంటింటివైపు వెనక్కి నడిచాడు.

"ఏం కొలుస్తున్నారు?"

"పరదాకి."

"అక్కడ కిటికీ లేదుగా బావగారూ."

"పెట్టించుకున్నప్పుడు పనికొస్తుంది" అని రాసుకుని వెళ్ళిపోయాడు.

ఇలాంటి మనిషి చేతికి ఓడలో గదులు సర్దే పని వచ్చింది.

పెదనాన్న తల్లికి, అంటే ఆ కోడళ్ళిద్దరి అత్తగారికి, తొంభై నిండాయి. ఏం కావాలో కోరుకోమంటే ఆవిడ చాలాసేపు ఆలోచించి, "ఎటు చూసినా నేల కనబడని చోట ఒక పూట కూర్చోవాలని ఉందిరా" అంది. దాంతో నాలుగు రోజుల ఓడ ప్రయాణం ఖాయమైంది. మనుషులు పదిహేడుగురు. గదులు ఏడు. ఏ గదిలో ఎవరో గురువారం సాయంత్రం ఐదింటిలోగా చెప్పేయాలి.

ట్రావెల్స్ అమ్మాయి ఫోనులో ఓపిగ్గా చెప్పింది. "బాల్కనీ ఉన్నవి ఉన్నాయండీ, కిటికీ ఉన్నవి ఉన్నాయి, ఏమీ లేనివి కూడా ఉన్నాయి."

"ఏమీ లేనివంటే?"

"లోపలి గదులండీ. చుట్టూ గోడలే."

"ఆ గోడలు ఎంత పొడుగమ్మా?"

"ఇంతవరకూ ఎవరూ అడగలేదండీ" అంది ఆ అమ్మాయి.

"నేను అడిగాగా. తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా కనుక్కో."

ఇంట్లో వాళ్ళు మాత్రం పది నిమిషాల్లో తేల్చేశారు. పిల్లాపాపలతో ఉన్న జంటలు నాలుగు, ఒక్కో జంటకి ఒక్కో బుడతడు. వాళ్ళకి నాలుగు గదులు. పెదనాన్న దంపతులకి ఒకటి. అత్తగారికీ, ఆవిడ పెద్దకూతురు స్కూలక్కకీ ఒకటి. స్కూలక్క హెడ్మాస్టరుగా పనిచేసి రిటైరైంది, పెళ్ళి చేసుకోలేదు.

"ఇక ఒకరు మిగిలారు" అన్నాడు పెదనాన్న పెద్దకొడుకు వేళ్ళు మడుస్తూ. అన్నాక నాలిక్కరుచుకున్నాడు. "అంటే, పిన్నికి ఒక గది మొత్తం ఇచ్చేద్దాం. ప్రశాంతంగా ఉంటుంది."

"అవును, ప్రశాంతంగా ఉంటుంది" అన్నారందరూ.

చిన్నకోడలు టీ గ్లాసులు ఏరుకుంటూ "సరేనండీ" అంది. వంటింట్లోకి వచ్చి గ్లాసులు కడుగుతూ, పదహారుగురైతే ఆరు గదుల్లో చక్కగా సరిపోతారు అనుకుంది. ఆయన ఉండుంటే పద్దెనిమిది అయ్యేది, అదీ సరిపోయేది. పదిహేడే ఎటూ కుదరడం లేదు. గురువారం నాడు మోకాళ్ళ నొప్పులని చెప్పి మానేస్తే సరి. ప్రశాంతం ఆమెకి ఇంట్లోనే కావలసినంత ఉంది.

మర్నాడు పొద్దున్న హాల్లోకి వచ్చేసరికి సోఫాలు వరండాలో ఉన్నాయి. పెదనాన్న మోకాళ్ళ మీద కూర్చుని గచ్చు మీద దర్జీ సుద్దతో గీతలు గీస్తున్నాడు. ఓడలో గది ఎంతుంటుందో అంతే కొలతతో గోడలు, మంచాలు, అలమర, తలుపు.

"ఏంటండీ ఇది?" అంది పెద్దకోడలు.

"ఓడ."

"నేనెలా నడవాలి వంటింట్లోకి?"

"నడవా అటుంది. అటు తిరిగి వెళ్ళు. ఆగాగు, గోడలోంచి నడుస్తున్నావు."

ఆ వారమంతా ఆ ఇంట్లో గోడలోంచి నడిచినవాడు దోషి. తలుపు గీసిన చోటినుంచే వెళ్ళాలి, తలుపు బయటికి తెరుచుకుంటుంది కాబట్టి ఒక అడుగు వెనక్కి వేసి మరీ దూరాలి. పోస్టు ఇవ్వడానికి వచ్చిన మనిషి కూడా రెండు గదులు చుట్టి వచ్చి సంతకం పెట్టించుకున్నాడు. అత్తగారు బాల్కనీ అని రాసిన చోట కుర్చీ వేయించుకుని ఎదురుగా పుస్తకాల బీరువాని చూస్తూ, "సముద్రం బాగుందిరా" అంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అసలు పరీక్ష. వంతులవారీగా ఎవరి గదిలో వాళ్ళు చాపేసుకుని పడుకోవాలి. నిద్రపట్టాక ఆయన మెల్లగా వచ్చి తల దగ్గర కత్తెర పెట్టి గురకలు కొలిచేవాడు. పెద్దకొడుకు గురక ముప్ఫై ఒక్క అడుగులు, టేపు గేటు దాటింది. రెండో అల్లుడిది మూడడుగులే. "పిల్లి కూడా ఇంతకంటే నయం" అని పెదవి విరిచాడు. ఒక్కో రోజూ పాత గీతలు తుడవడం, కొత్తగా గీయడం, జంటల్ని మార్చడం. ఇరవై మూడుసార్లు మారింది ఆ ఓడ.

స్కూలక్క మొదటి రోజే చెప్పేసింది. "నా దగ్గర కత్తెర పెట్టకు. నేను గురక పెట్టను."

"మరి ఆ చప్పుడేంటక్కా?"

"దీర్ఘంగా ఊపిరి తీస్తాను."

"ఆ ఊపిరే కొలుస్తా."

కొలిచాడు. అంకె చూసి అక్కడే నిలబడిపోయాడు. మళ్ళీ కొలిచాడు. మొత్తం మూడుసార్లు కొలిచి, నోటుబుక్కులో వెనక్కి పేజీలు తిప్పి ఏదో వెతుక్కుని, ముసిముసిగా నవ్వుకున్నాడు. వరండాలోంచి చూస్తున్న చిన్నకోడలికి అది అర్థం కాలేదు. గురక చూసి అంత సంబరపడిన మనిషిని ఆమె చూడలేదు.

గురువారం మధ్యాహ్నానికి ఇంట్లో అందరికీ విసుగు తలకెక్కింది.

"పెదనాన్నా, ఐదింటికి గడువు. మేం చెప్పినట్టే రాసి ఇచ్చేయరాదా? గదులేమన్నా పరదాలా?" అన్నాడు పెద్దకొడుకు.

"పరదా అయితే విప్పి మళ్ళీ కుడతాను" అన్నాడాయన సుద్ద ఊదుకుంటూ.

"నాకో మాట చెప్పాలని ఉంది" అంది అత్తగారు బాల్కనీలోంచి. "నా గదిలో ఎవర్నీ పెట్టకండి. పుట్టింట్లో అక్కచెల్లెళ్ళు, ఇక్కడ మీరు. నాదంటూ ఒక గది నాకెప్పుడూ లేదు. నాలుగు రోజులైనా నాదనుకుంటాను."

అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. తొంభై ఏళ్ళ మనిషి ఒక్కతే ఎలా అన్నారు.

"అమ్మ పిలుపు తొమ్మిది అడుగులు. మధ్యలో తలుపున్న గదులు రెండున్నాయి. ఆ తలుపుకీ నా తలగడకీ ఏడడుగులు. ఎప్పుడో రాసిపెట్టా" అన్నాడు పెదనాన్న.

అదే అదనని చిన్నకోడలు గొంతు సవరించుకుంది. "బావగారూ, నేను రాలేనేమోనండీ. మోకాళ్ళు."

పెదనాన్న బతిమాలలేదు.

"ఏ మోకాలు?"

"రెండూ."

"సరే. ఈ ఒక్క మధ్యాహ్నం మాత్రం ఏడో గదిలో నడుం వాల్చమ్మా, కొలత పూర్తవుతుంది." దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "అక్కకి కొత్త చోట ఒక్కతే పడుకోవాలంటే భయం. బయటికి చెప్పుకోలేదు. ఎవరితోనూ అనకు."

బడినంతా గడగడలాడించిన మనిషికి భయమా అని ఆమె ఆశ్చర్యపోయింది. ఒక అడుగు వెనక్కి వేసి, తలుపులోంచి లోపలికి వెళ్ళి, చాప మీద ఒత్తిగిలింది. పక్క చాప మీదనుంచి స్కూలక్క చెయ్యి చాపి ఆమె భుజం తట్టింది.

"భయపడకు. నేనున్నాగా. తమ్ముడు చెప్పాడులే, నీకు ఒంటరిగా భయమట."

చిన్నకోడలు నోరు తెరిచేలోగా స్కూలక్క నిద్రపోయింది. ముందు సన్నగా ఈల. తరవాత ఇనప్పెట్టె గచ్చు మీద ఈడ్చినట్టు ఒక లాగుడు. ఆ తరవాత ఉన్నట్టుండి ఆగడం, పక్కనున్నవాళ్ళు కంగారుపడి తల ఎత్తేంతసేపు. మళ్ళీ ఈల.

ఆమె తల ఎత్తింది. ఎత్తి, దించింది. అక్కాతమ్ముళ్ళు కదా, ముక్కులెక్కడికి పోతాయి అనుకుంది. అంతే ఆమెకి గుర్తు.

మెలకువ వచ్చేసరికి కిటికీలో ఎండ పసుపుపచ్చగా మారింది. మూడు గంటలు నిద్రపోయింది, ఫ్యాను లేకుండా. పెదనాన్న తలుపు గీసిన చోట ముక్కాలిపీట వేసుకుని కాపలా కూర్చున్నాడు. పెద్దకొడుకు చెప్పులు చేత్తో పట్టుకుని నడవా చుట్టూ తిరిగి వస్తున్నాడు. బుడతలు నలుగురూ మునివేళ్ళ మీద వరసగా గోడవెంట నడుస్తున్నారు. ఒక్కరూ గోడలోంచి రావడం లేదు.

ఆమె తల పక్కన కత్తెర, దాని కింద టేపు కొస, పక్కనే తాడు విప్పిన నోటుబుక్కు. ఇన్నేళ్ళకి కనబడింది. చదివింది. పేజీ అడుగున కొత్త సిరాతో రెండు వరసలు.

చిన్న మరదలి ఫ్యాను, పదకొండు అడుగులు.
అక్క గురక, పదకొండు అడుగుల నాలుగంగుళాలు.

వాటి పైన, వెలిసిపోయిన సిరాతో, ఆమె ఆ ఇంటికి కొత్తగా వచ్చిన సంవత్సరం వేసి ఉంది.

తమ్ముడి గురక, పదకొండు అడుగుల ఆరంగుళాలు. వంటింటి గడప దాకా. పాపం ఆ పిల్ల.

ఆమెకి ముందు నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెదనాన్న తప్పు చేసి దొరికిపోయినవాడిలా తల గోక్కున్నాడు.

"రెండంగుళాలు తక్కువైందమ్మా. ఇంటిల్లిపాదినీ కొలిచా, అంతకంటే దగ్గరగా ఎవరూ రాలేదు. సర్దుకోగలవా?"

"సర్దుకుంటాను బావగారూ."

"మరి మోకాళ్ళు?"

"తగ్గాయండీ."

"రెండూనా?"

"రెండూ."

ఫోను మోగింది. ఐదుకి పది నిమిషాలుంది. ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గుసగుసగా, "ఏడో గది ఖాయం చేసేయమ్మా. అరవకు, మనుషులు పడుకున్నారు" అన్నాడు.

ఆ గుసగుసకే స్కూలక్క లేచి కూర్చుంది. కళ్ళజోడు వెతుక్కుంటూ చిన్నకోడలివైపు అనుమానంగా చూసింది. "నేనేమన్నా గురక పెట్టానా?"

"లేదు వదినా. దీర్ఘంగా ఊపిరి తీశారు."

"అదీ" అంది స్కూలక్క తమ్ముడివైపు చూస్తూ.

మర్నాడు సోఫాలు లోపలికి తేవాలంటే హాలు తుడవాల్సి వచ్చింది. ఇల్లు ఖాళీగా ఉంది, చూసేవాళ్ళెవరూ లేరు. చిన్నకోడలు బకెట్టూ తడిగుడ్డా పట్టుకుని ఓడ ముందు నిలబడింది. ఒక అడుగు వెనక్కి వేసి, ఏడో గదిలోకి తలుపులోంచే వెళ్ళి, లోపలినుంచి తుడవడం మొదలుపెట్టింది.