పట్టుపురుగుల కోసం పోయిన మా నాయన బండి

మా చిన్నప్పుడు... జంగమకోటె దగ్గర మా ఊరి మలుపులో బండి శబ్దం వినిపించి ఉన్నట్టుండి ఆగిపోయిందంటే, నాయన వచ్చేశాడని లెక్క. అక్కడి నుంచి ఇంటిదాకా బండిని తోసుకుంటూనే వచ్చేవాడు. ఎందుకంటే మా ఇంట్లో సగం పట్టుపురుగులది. వాటికి పొగ పడదు, వాసన పడదు... పురుగులున్నన్నాళ్లు అమ్మ తలలో మల్లెపూలు కూడా పెట్టుకునేది కాదు. అంత మర్యాద ఇంటికొచ్చిన కొత్తల్లుడికి కూడా జరగదు.

2003 ప్రాంతం అనుకుంటా. మైసూరులో తయారైన పాత బండి అది... అటొకటి ఇటొకటి రెండు సైలెన్సర్లు. కిక్కు కొట్టే కడ్డీనే లోపలికి నొక్కి ముందుకు తిప్పితే గేరయ్యేది. ఆ వింత ఊళ్లో పిల్లలందరికీ చూపించి తెగ గొప్పలు పోయేదాన్ని. శిడ్లఘట్ట మార్కెట్టుకు పట్టుగూళ్లు తీసుకెళ్లేటప్పుడు వెనక మూటలు, ముందు ట్యాంకు మీద నేను. పదేళ్లొచ్చినా అక్కడే. నాయన గడ్డం నా నడినెత్తిన గుచ్చుకుంటూ ఉండేది... అంతకంటే మంచి చోటు నాకు ఈ లోకంలో లేదు.

ఒకరోజు మధ్యాహ్నం నాయన బండిని పెరట్లో నిలబెట్టి, అమ్మతో కలిసి మల్బరీ ఆకు కోయడానికి పోయాడు. అవ్వ కునుకు తీస్తోంది. తాళం బండికే ఉంది. ఇంక నా చేతులు ఊరుకుంటాయా... కిక్కు మీదికి రెండు కాళ్లతో ఎక్కి గెంతాను. ఆరేడుసార్లు గెంతాక బండి లేచింది. ఆపడం మాత్రం తెలియలేదు... తాళం సంగతి గుర్తొచ్చేసరికి పురుగుల గది కిటికీ నిండా పొగ.

మూడో రోజు పురుగులు ఆకు ముట్టలేదు. తలలు ఊపుతూ, పచ్చగా కక్కుతూ తట్టల్లోనే పడిపోయాయి. ఇంకో నాలుగు రోజులుంటే గూళ్లు కట్టేవే. పొగ సంగతి నేనే ఏడుస్తూ చెప్పేశాను. నాయన నన్ను ఒక్క మాట అనలేదు. అవ్వ మాత్రం ఆ బండి ఉన్న ఇంట్లో పంట నిలవదని తెగేసి చెప్పింది.

వారం తిరగకముందే చింతామణి నుంచి పాత ఇనుము కొనే గుజరీ ఆయన వచ్చి, బండిని తూకానికి తీసుకుపోయాడు. ఆ రోజుల్లో అలాంటి బళ్లను అడిగేవాళ్లే లేరు మరి... పెట్రోలు తాగుతాయని అందరూ వదిలించుకుంటున్నవే.

తర్వాతి పంటా అట్లాగే పోయింది. బండి లేదు, పొగ లేదు... అయినా పోయింది. పట్టు శాఖ వాళ్ల రేష్మె ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి ఆకు చూసి, పక్క టమాట తోటలో కొట్టే మందు గాలికి మా మల్బరీ మీద పడుతోందని తేల్చాడు. నాయన ఆ పూటే చింతామణి బస్సెక్కాడు. సాయంత్రానికి ఉత్త చేతులతో దిగాడు. బండిని అప్పటికే ఎవరికో అమ్మేశారంట.

కొన్నాళ్లకు కొత్త బండి కొన్నాడు. నేను ఎక్కలేదు. బడికి నడిచే పోయేదాన్ని.

మొన్న ఆదివారం నాయనతో చిక్కబళ్లాపురంలో కాఫీకి ఆగితే... అచ్చం అలాంటి బండే. బెంగళూరు కుర్రాడిది, నంది కొండకు వచ్చాడంట. ధర అడిగితే చెప్పాడు. ఆ డబ్బుకు కొత్త బళ్లు రెండొస్తాయి. పైగా దొరకడమే కష్టం, ధర ఏడాదికేడాది పెరిగిపోతోంది అన్నాడు.

నాయన ఆ బండి చుట్టూ రెండుసార్లు తిరిగి వచ్చాడు. నాకు మనసాగలేదు. నా వల్లే కదా నాయనా పోయింది, ఎంతైనా సరే ఒకటి కొనిస్తా అన్నాను.

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"బండి పోతే పోయిందిలేమ్మా. అది పోయినంక నువ్వు నా బండి ఎక్కనే లేదు. యాడికి పిలిచినా నడిచే వస్తాంటివి. అమ్మేసినానని నా మింద కోపం పెట్టుకున్యావని... అదే ఉండాది నా మనసులో."

కోపమా... ముఖం చెల్లక ఎక్కలేదు నేను. ఇరవై ఏళ్లుగా ఇద్దరం ఒకరినొకరు అడగనే లేదు.

అప్పుడు ఎవరికీ అక్కర్లేని బండి, ఇప్పుడు డబ్బున్నవాళ్ల ముచ్చటైపోయింది. వెతికితే బండి ఎక్కడో ఒకచోట దొరుకుతుంది... నాయన రమ్మన్నప్పుడల్లా నేను వెళ్లకుండా పోగొట్టుకున్న ఆ ప్రయాణాలు ఎవరి దగ్గర కొనను?

మీ నాయనల బళ్ల ముచ్చట్లుంటే కింద రాయండి... మా నాయనకు చదివి వినిపిస్తా.