మిక్సీలా మోగే మిషను

మా కారు సీట్లు లేత గోధుమరంగువి. నల్లరేగడి నేలలో, వరి పొలాల మధ్య కాపురం పెట్టుకుని ఆ రంగు గుడ్డ సీట్ల కారు కొన్న ఘనత మా ఆయనది. పాత కారే గానీ ఇంజను బాగుంది, రంగు చూసుకుంటూ కూర్చుంటే బేరం పోతుందన్నారు. మాది రాయచూరు జిల్లాలో మల్లట్ దగ్గర ఒక క్యాంపు. తుంగభద్ర కాలవ కింద భూములు కొనుక్కుని గోదావరి వైపు నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్న పల్లెల్ని ఇక్కడ అలాగే అంటారు. నాట్లప్పుడు బురద, కోతలప్పుడు పొట్టు, మిగతా రోజుల్లో దుమ్ము, అన్నీ ఆ సీట్లలోకే చేరేవి. అయినా నేను వాటి గురించి పెద్దగా బెంగపడలేదు, మా అత్తగారు కారెక్కడం మానేసేదాకా.

ఆవిడ సంగతి రాస్తానంటే మొదట ససేమిరా అన్నారు. పేర్లు ఉండవని ఒట్టు పెట్టాక ఒప్పుకున్నారు.

మా ఇంట్లో కారు తోలేది నేను, తోలించేది ఆవిడ. జన్మలో సైకిలైనా తొక్కని మనిషి, ముందు సీట్లో కూర్చుని "గేదె వస్తోంది, చూసుకో. గేరు మార్చు. వాడికి దారివ్వకు, ముందు మనం వచ్చాం" అంటూ చెబుతూనే ఉంటారు. మా ప్రయాణం ఎప్పుడూ ఒక్కచోటికే. సింధనూరు వైపు ఇంకో క్యాంపులో ఆవిడ చెల్లెలుంది. ఆ చెల్లెలి భర్త పక్షవాతంతో మంచాన పడ్డాడు కాబట్టి ఆవిడ ఇల్లు కదల్లేదు. అక్కే వెళ్ళాలి. వారానికోసారి తీసుకెళ్ళేదాన్ని. వెళ్ళగానే వసారాలో గచ్చు మీద సుద్దముక్కతో గళ్ళు గీసుకుని, చింతగింజలు పట్టుకుని అష్టాచెమ్మా మొదలుపెట్టేవాళ్ళు. ఇద్దరూ దొంగాటే ఆడతారు. పెళ్ళినాటి తగాదాలన్నీ ఆ గళ్ళలో తేల్చుకుని, సాయంత్రానికి ముఖాలు మాడ్చుకుని విడిపోయేవాళ్ళు. మర్నాడు పొద్దున్నే ఫోను చేసుకుని మళ్ళీ ఎప్పుడని అడిగేవాళ్ళు.

పోయినేడు కోతల్లో అలా వస్తుండగా దారికి అడ్డంగా కోత మిషను నిలబడిపోయింది. వెనకాల ధాన్యం ట్రాక్టర్లు, ఒక పక్క కాలవ, ఇంకో పక్క చేలో అంతా మగవాళ్ళు. అత్తగారు మొదట "ఎంతసేపమ్మాయ్" అన్నారు. తర్వాత "ఎక్కడైనా ఆపే వీలుందా" అన్నారు. ఆ తర్వాత మాట్లాడలేదు. గేదె అడ్డొచ్చినా హెచ్చరించలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది గానీ, దారి దొరికిందన్న ఊపులో ఉన్నాను. ఇంటికి చేరాక "నువ్వు లోపలికి పద, నేను వస్తా" అన్నారు. తలుపులు వేసిన కారులో, ఆ ఎండలో అలాగే కూర్చున్నారు. చివరికి కొంగు వెనక్కి చుట్టుకుని, గోడవారగా నడుచుకుంటూ పెరట్లోకి వెళ్ళిపోయారు. నేను వెళ్ళి చూస్తే సీటు మీద ఆవిడ తువ్వాలు నాలుగు మడతలు పెట్టి పరిచి ఉంది. ఆ మడతలు చూస్తే నాకు ఏడుపొచ్చింది.

సర్ఫు నీళ్ళు, బ్రష్షు, బకెట్టు పట్టుకుని తోమాను. అదే పొరపాటు. గుడ్డ కింద స్పాంజి ఉంటుంది, పోసిన నీళ్ళన్నీ అది తాగేసింది. మా రాయచూరు ఎండల్లో అద్దాలు మూసిన కారు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మూడోనాటికి తలుపు తీస్తే వాసన గుప్పుమంది. మా అత్తగారు కారున్న వైపు నడవడమే మానేశారు.

చెల్లెలు ఫోను చేస్తే "ఎండ తగ్గనీవే, వస్తా" అనేవారు. ఎండ తగ్గింది. "వానలు పోనీ" అన్నారు. డాక్టరుకి చూపించాం, ఈ వయసులో ఆ కండరాలు వదులవుతాయని చెప్పి మందులిచ్చారు. కొంత నయమైంది గానీ దూరప్రయాణానికి భరోసా లేదు. ప్యాడ్లు తెచ్చిస్తే "నేనేం చంటిపిల్లనా" అని అటక మీద పడేశారు. సీట్లకి రెక్సిను కవర్లు వేయిద్దామని మా ఆయన అంటే, "ఎవరి కోసం?" అని కొడుకు ముఖంలోకి ఒక్క చూపు చూశారు. ఆయన చెప్పులేసుకుని పొలానికి పోయారు. ఎప్పుడూ గలగలలాడే మనిషి అలా వసారాలో కూర్చుని, ఒక్కతే చింతగింజలు వేసుకుంటూ, రెండు వైపులా తనే ఆడుకుంటుంటే నాకు జాలీ వేసింది, కోపమూ వచ్చింది. ఒక సీటు తడవడం ఏపాటి సంగతని ఇద్దరు అక్కచెల్లెళ్ళు మొహాలు చూసుకోకుండా పోవాలి?

నీళ్ళు పీల్చే వాక్యూమ్ ఉంటుందని ఫోనులో వీడియోల్లో చూశాను. సీటు మీద కాసిని నీళ్ళు చల్లి, గొట్టం పెట్టి లాగితే మురికీ తడీ కలిసి వచ్చేస్తాయి. ఎంత తొందరగా లాగితే వాసన అంత తక్కువ. కొందామంటే మా ఆయన "అమ్మే నోరెత్తట్లేదు, కందకి లేని దురద కత్తిపీటకెందుకు" అన్నారు. నేను ఊరుకోలేదు. పురుగుమందులకని ఆయన రాయచూరు వెళ్తుంటే నేనూ కారెక్కి కూర్చున్నాను, అద్దాలన్నీ దించుకుని.

బజారులో మిక్సీలు, ఫ్యాన్లు, మోటార్లు అమ్మే దుకాణం ఒకటుంది. యజమాని అక్కడి పాత తెలుగు వ్యాపారుల కుటుంబంవాడు, మాటకారి. పిల్లలు సీటు మీద పాలు ఒలకబోశారని అబద్ధమాడాను. ఆయన రెండు రకాలు చూపించాడు. ఒకటి నీళ్ళ డ్రమ్మంత ఉంది, చక్రాలూ లావుపాటి గొట్టమూనూ. ఇంకొకటి చేత్తో పట్టుకుపోయేది. దానికి రెండు చిన్న తొట్లు, ఒకదాంట్లో మంచినీళ్ళు పోస్తే చిమ్ముతుంది, రెండోదాంట్లోకి మురికినీళ్ళు లాక్కుంటుంది.

"పెద్దది తీస్కోండ్రి అక్కా. తడి, పొడి రెండూ గుంజుతది. బేఫికర్ ఉండొచ్చు. గా చిన్నది షోకుకు కొంటరు" అన్నాడు.

పాత సోఫా దిండు మీద చెంబెడు నీళ్ళు పోసి పెద్దదాంతో లాగి చూపించాడు. దిండు నొక్కి చూస్తే చెయ్యి తడవలేదు. ట్రాక్టరులో పొట్టు లాగడానికి కూడా పనికొస్తుందని మా ఆయన కళ్ళు మెరిశాయి. కరెంటు లేదని ఆ వేళ బజారు బజారంతా జనరేటర్లు పెట్టుకుని ఉంది. దాని మీద ఆటోల హారన్లు. మిషను ఎంత పెద్దగా మోగుతోందో మాలో ఒక్కరికీ వినబడలేదు, వినాలని తోచనూ లేదు. పెద్దదే తెచ్చుకున్నాం.

పనికి వంక పెట్టలేం. పాత మురికంతా నల్లటి నీళ్ళయి డ్రమ్ములోకి వచ్చింది. రెండు పూటలు ఎండలో ఉంచాక వాసన పోయింది. మా అత్తగారు ఎవరూ చూడట్లేదనుకుని, కారు తలుపు తీసి, వంగి సీటు వాసన చూడటం కిటికీలోంచి నేను చూశాను. ఆ వారమే చెల్లెలి దగ్గరికి బయలుదేరారు. ఆట బాగా సాగింది, తగాదా ఇంకా బాగా సాగింది. తిరిగి వచ్చేటప్పుడు క్యాంపు మలుపులో, ఇల్లు కనబడుతుండగా, ఆవిడకి ఆగలేదు.

ఫరవాలేదు అత్తయ్యా, నిమిషాల్లో లాగేస్తానని చెప్పి మిషను బయటికి లాగి స్విచ్చి వేశాను. మా క్యాంపులో మధ్యాహ్నంపూట కొంగలు ఎగిరినా చప్పుడు వినబడుతుంది. అలాంటిచోట అది రైసుమిల్లులా మోగింది. ఎదురింటివాళ్ళు, పక్కింటివాళ్ళు, ఆ వెనకింటివాళ్ళు, అందరూ ఏమైందోనని గేట్ల దగ్గరికి వచ్చేశారు. ఊళ్ళో టముకు వేయించినా ఇంతమంది రారు.

"ఏం ఒలికిందండీ? పోయినసారి కూడా ఈ సీటే కడిగినట్టున్నారు" అంది పక్కింటావిడ. మంచి మనిషే, అడిగిన దాంట్లో దురుద్దేశం లేదు. కానీ వసారాలో ఉన్న మా అత్తగారు లోపలికి వెళ్ళి గది తలుపు వేసుకున్నారు. రాత్రి అన్నానికి పిలిస్తే ఆకలి లేదన్నారు. తలుపు బయట కంచం పట్టుకుని నిలబడి, నా చేతులతో నేనే ఆవిడ గుట్టు రట్టు చేసినట్టు అనిపించి కుమిలిపోయాను.

పెద్ద మిషను మా ఆయన ట్రాక్టరు షెడ్డులోకి చేర్చుకున్నారు. నేను ఒక్కదాన్నే బస్సెక్కి రాయచూరు వెళ్ళాను. ఈసారి పొద్దున్నే, బజారు ఇంకా పూర్తిగా తెరవకముందే. దుకాణం ఆయన అప్పుడే అగరొత్తులు వెలిగిస్తున్నాడు.

"చిన్న మిషను చూపించండి. చప్పుడు వినాలి" అన్నాను.

"అందరు గుంజుడు చూసి కొంటరు అక్కా, చప్పుడు చూసి ఎవరు కొంటరు? చప్పుడు లేని మిషిన్ యాడ దొరకదు."

"చప్పుడు ఉండొచ్చు. మిక్సీలా ఉండాలి."

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. నేను ఆలోచించుకునే వచ్చాను. మా క్యాంపులో ఏ ఇంట్లో ఏ వేళలో మిక్సీ మోగినా ఒక్కరూ గేటు దగ్గరికి రారు. ఏ మోటారు చప్పుడుకైనా తల తిప్పుతారు గానీ, మిక్సీకి తిప్పరు. ఆ సంగతి ఆయనకి ఎలా చెప్పను? చెబితే అసలు సంగతి చెప్పాలి. అందుకని, పక్కపక్కన పెట్టి ఒకదాని తర్వాత ఒకటి వేయండి, నేను వీధిలో నిలబడి వింటానని మాత్రం అన్నాను.

"ఖాళీ జార్ తిప్పితే ఖరాబైతది. ఆగుండ్రి, నీళ్ళు పోస్త" అని, ఎందుకొచ్చిన గొడవలే అన్నట్టు సర్దాడు.

మెట్లు దిగి, దుకాణానికి వీపు పెట్టి నిలబడ్డాను. లోపల ఒకటి మోగి ఆగింది. తర్వాత ఇంకొకటి. చీపురుతో రోడ్డు ఊడుస్తున్న ఆవిడ ఆగి నన్నే చూస్తోంది. మొదటిది మిషను, రెండోది మిక్సీ అని చెప్పాను.

"ఉల్టా చెప్తుండ్రు అక్కా" అన్నాడాయన.

నా ప్రాణం లేచొచ్చింది. అదే కావాలి, కట్టేయండి అన్నాను. ఇది తక్కువ నీళ్ళు పడుతుందని, ఒక్కచోటనే నాలుగైదుసార్లు లాగాలని, పెద్దదాని ముందు ఇది ఎందుకూ కొరగాదని డబ్బాలో పెడుతూ కూడా చెబుతూనే ఉన్నాడు. పాపం నిజాయితీపరుడు. ఆయన లెక్కలో నాకు పిచ్చి, ఉండనీ.

ఇంటికొచ్చి దాన్ని తిన్నగా మా అత్తగారి మంచం మీద పెట్టాను. ఇన్నాళ్ళూ మా ఇద్దరి మధ్యా పైకి రాని మాట ఆ రోజు అనేశాను. "అత్తయ్యా, మీకు ఆగదు. ఆగకపోతే పోనీ. నేను తుడుస్తాను. మీరు ఇంట్లో కూర్చుని ఒంటరిగా ఆడుకుంటుంటే మాత్రం నేను చూడలేను."

ఆవిడ లేచి కిటికీ రెక్కలు మూసి వచ్చారు. తర్వాత "దుకాణంలో ఏమని చెప్పావ్?" అన్నారు.

"మిక్సీలా మోగే మిషను కావాలని చెప్పాను."

"అంతేనా?"

"అంతే. నన్ను పిచ్చిదనుకున్నాడు."

ఆవిడ మూతి బిగించుకున్నారు, నవ్వు ఆపుకోడానికని నాకు తెలుసు. స్విచ్చి ఎక్కడ అని అడిగి తనే వేసి, విని, ఆపారు. సాయంత్రం ఫోనులో చెల్లెలితో "గళ్ళు చెరిపేశావా, ఉన్నాయా?" అనడం విన్నాను.

శనివారం వెళ్ళాం. వచ్చేటప్పుడు రెండుచోట్ల జనం లేని తోవ చూసి ఆపాను. అయినా చివర్లో కాస్త సీటు తడిసింది. వాకిట్లో కారు ఆపి, ముందు తలుపు తీసి, చిన్న మిషను పెట్టుకుని కూర్చున్నాను. నాలుగైదుసార్లన్నాడు గానీ పదిసార్లు లాగాల్సి వచ్చింది. మా అత్తగారు చీర మార్చుకుని వచ్చారు. గదిలోకి పోలేదు. కారుకి చేరగిలబడి, నాకూ గేటుకీ మధ్య అడ్డంగా నిలబడ్డారు.

మేం మరిచిపోయింది ఒకటుంది. మిక్సీ వంటింట్లో మోగుతుంది, వాకిట్లో మోగదు. ప్రహరీ అవతలి నుంచి పక్కింటావిడ గొంతు రానే వచ్చింది. "పిన్నిగారూ, ఏంటి, మిక్సీ బయట పెట్టుకున్నారా?"

నా చెయ్యి స్విచ్చి మీదికి పోయింది. ఆపొద్దన్నట్టు అత్తగారు నా భుజం నొక్కారు.

"అవునమ్మా. లోపల ఉక్కగా ఉందని ఇక్కడ పెట్టుకున్నాం. గోంగూర పచ్చడి" అన్నారు, గొంతు ఇసుమంతైనా తొణక్కుండా.

"అయితే నాకు కాస్త పంపించండి."

"పంపుతాలే, తాలింపు వెయ్యనీ."

పక్కింటావిడ లోపలికి వెళ్ళిన అలికిడి విన్నాక నేను తలెత్తి చూశాను. ఇంట్లో గోంగూర లేదు, దొడ్లో కూడా మళ్ళు ఎండిపోయాయి. ఇప్పుడు చీకటి పడేలోగా ఎవరి చేలోకో పోయి కోసుకురావాలి, వేయించాలి, రుబ్బాలి. అదే మాట అన్నాను, కాస్త విసుగ్గానే.

మా అత్తగారు సీటు మీద చెయ్యి పెట్టి తడి చూసుకుని, తలుపు ఓరగా వేశారు.

"సరేలే, వచ్చేవారం కొబ్బరి పచ్చడని చెబుదాం. ఇంట్లో కాయలున్నాయి" అన్నారు.