అద్దెకొంపలో రంగుల లైటు

నా జీవితంలో నేను చేసిన ఒకే ఒక్క దుబారా ఆ సీలింగు లైటు. తొంభైల్లో, మదనపల్లె రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమాస్తాగా ఉన్నప్పుడు కొన్నాను. తోటి ఉద్యోగిని పెళ్ళి చీరల కోసం బెంగుళూరు వెళుతుంటే తోడు వెళ్ళాను. ఆమె వందో చీర విప్పించేసరికి విసుగొచ్చి పక్కనున్న లైట్ల షాపులోకి నడిచాను. టేకు చెక్కతో ఆరు పలకల చట్రం, పలక పలకకూ ఎరుపు, నీలం, తేనెరంగు గాజులు. డిజైనర్ లైటన్నారు. "హాలుకా మేడమ్, డైనింగుకా?" అని అడిగాడు షాపతను. నాకున్నది ఒకటే గది, దానికీ రేకుల కప్పు. "హాలుకే" అన్నాను, హాలున్నదానిలాగే. దాని ధర ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

బస్సులో ఆ పెట్టెను ఒళ్ళోనే పెట్టుకొచ్చాను. పెళ్ళయ్యి, సొంతిల్లు కట్టుకున్నాక తగిలించుకుందామని మంచం కిందికి తోశాను. ఆఫీసులో పొద్దంతా ఇళ్ళ దస్తావేజులకు నకళ్ళు రాసేదాన్ని. ఏ ఇంటికి తూర్పున ఎవరు, పడమట ఎవరు, అన్నీ నోటికొచ్చేవి. నాకు మాత్రం ఏ వైపూ ఎవరూ లేరు. పెళ్ళిచూపులు మూడుసార్లు జరిగాయి, ఏదీ కుదరలేదు.

పుంగనూరుకు బదిలీ అయినప్పుడు అన్నిటికంటే ముందు ఆ పెట్టే ఆటో ఎక్కింది. అక్కడ మిద్దె ఇల్లు దొరికింది. ఆశపడి ఓనరమ్మను అడిగాను.

"స్లాబుకు బెజ్జం కొడితే వాన నీళ్ళు దిగతాయమ్మా. అయినా ఒంటిమనిషివి, నీకు యాల అంత లైటు? బల్బు సాలదా?"

కోపం తన్నుకొచ్చింది. ఇల్లు ఖాళీ చెయ్యమంటుందేమోనని నోరు మూసుకున్నాను. ఏడేళ్ళు ఆ బల్బు కిందే ఉన్నాను. ఏడాదికోసారి పెట్టె విప్పి, గాజులు తుడిచి, మళ్ళీ పాత చీరలో చుట్టిపెట్టేదాన్ని.

రెండువేల సంవత్సరం దాటాక కుప్పం వచ్చాను. అప్పటికి నా పెళ్ళి మాట ఎత్తేవాళ్ళు లేరు. సొంతింటి మాట నేనే ఎత్తడం మానేశాను. కుప్పంలో అద్దెకు తీసుకున్న ఇంట్లో, గది నడుమ పైకప్పుకు ఇనుప కొక్కెం ఒకటి ఉండేది. తమ పిల్లల ఉయ్యాల కోసం బిగించామని ఓనరు భార్య చెప్పింది. మంచం మీద పడుకుంటే కళ్ళు నేరుగా దాని మీదికే పోయేవి. పది రోజులు ఓర్చుకున్నాను. ఆదివారం ఓనరును అడిగి, ఆయన సరేననగానే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాను.

"యాడ తగిలిద్దామక్కా?" అన్నాడు. కొక్కెం చూపించాను.

"అది ఉయ్యాలది కదక్కా. మళ్ళా కావాల్సొస్తే?"

"రాదప్పా. ఎక్కు."

అంత తేలిగ్గా అన్నానుగానీ, అతను పని ముగించేదాకా వంటింట్లోంచి బయటికి రాలేదు. నా ఏడుపు వినబడకుండా కుళాయి తిప్పి పెట్టుకున్నాను.

పొద్దు గుంకాక స్విచ్చి వేశాను. గోడలకు ఎరుపు, నేలకు నీలం, నా చేతుల మీద తేనెరంగు. ఓనరు భార్య వాకిట్లోకొచ్చి నిలబడిపోయింది.

"అబ్బ, ఎంత బాగుండాదో! ఎవురొస్తాండారమ్మా?"

మంచి చీర కట్టినా, పాయసం కాచినా నన్ను అందరూ అడిగేది అదే. అలాంటప్పుడల్లా అక్క వస్తోందని అబద్ధమాడేదాన్ని. నాకు అక్కే లేదు. ఆ పూట కూడా ఆ మాటే నోటిదాకా వచ్చింది.

"ఎవురూ రారమ్మా," అన్నాను. "ఈడ నేనుండాను కదా."

ఆమె ఇంకోసారి లైటు వైపు చూసి వెళ్ళిపోయింది. నేను కంచం తెచ్చుకుని లైటు కింద కూర్చున్నాను. ఒక్కదానికే కదా అని ఎన్నో ఏళ్ళుగా పొయ్యి దగ్గర నిలబడే నాలుగు ముద్దలు మింగేదాన్ని. ఆ పూట చాప వేసుకుని కూర్చుని, మారు వడ్డించుకుని తిన్నాను.